రాకేశ్ శర్మ గారు బస చేసిన సాల్యూట్-7 మూగబోయినప్పుడు మనుషులే వెళ్ళి ఎందుకు బాగుచేయవలసి వచ్చింది?

శ్రీకాకుళం పంతులు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. గత వారం తొమ్మిదో తరగతిలో రాకేశ్ శర్మ గారి ప్రస్తావన వచ్చింది. 1984 ఏప్రిల్ 3న ఆయన సోయుజ్ టి-11 నౌకలో బయలుదేరి సోవియట్ యూనియన్ వారి సాల్యూట్-7 అంతరిక్ష కేంద్రానికి చేరుకున్నారనీ, మొత్తం మీద దాదాపు ఎనిమిది రోజులు అంతరిక్షంలో గడిపారనీ, ఆయన చదువుకున్నది మన హైదరాబాదులోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్లోనూ నిజాం కళాశాలలోనూ అనీ పిల్లలకు చెప్పాను. చివరి బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, "ఆయన వచ్చేశాక ఆ ఇల్లు ఏమైంది మాస్టారూ?" అని అడిగింది. తెలియదమ్మా, చదివి చెబుతానన్నాను.

ఆ రాత్రి చదివిన మేరకు నాకు అర్థమైనది ఇది. 1984 అక్టోబరు 2న సిబ్బంది కిందికి దిగిపోయాక కేంద్రం ఖాళీగా తిరుగుతోంది. 1985 ఫిబ్రవరి 11న దానితో రేడియో సంబంధం పూర్తిగా తెగిపోయింది. అదే సంవత్సరం జూన్ 6న వ్లదీమిర్ జానీబెకోవ్, విక్తర్ సవినీఖ్ అనే ఇద్దరు వ్యోమగాములు సోయుజ్ టి-13లో బయలుదేరి, జూన్ 8న ఆ మూగ కేంద్రాన్ని అందుకుని, గడ్డకట్టిన స్థితి నుంచి దానికి మళ్ళీ ప్రాణం పోశారు.

నా సందేహం ఈ చివరి మాట దగ్గరే. కేంద్రానికి సౌరఫలకాలు ఉన్నాయి, అవి విరిగిపోలేదు. గంటన్నరకొకసారి భూమిని చుట్టివచ్చే వస్తువుకు ప్రతి చుట్టులోనూ సగానికి పైగా సమయం ఎండ తగులుతూనే ఉంటుంది. అటువంటప్పుడు బ్యాటరీలు పూర్తిగా అయిపోయినా, ఎండ పడినప్పుడల్లా కొంచెం కొంచెంగా నిండి, కేంద్రం తనంతట తానే ఎందుకు లేవలేదు? పైగా, పిలిస్తే పలకని పంతొమ్మిది టన్నుల వస్తువును ఆకాశంలో వెతికి పట్టుకోవడం ఎలా సాధ్యమైంది? పిల్లలకు తప్పు చెప్పకూడదన్న భయంతో అడుగుతున్నాను. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

విశ్రాంత విద్యుత్ ఇంజనీరు

మాస్టారూ, మీ మొదటి సందేహానికి జవాబు ఆకాశంలో కన్నా సబ్‌స్టేషన్‌లో సులభంగా దొరుకుతుంది. ముప్పై ఏళ్ళకు పైగా ఆ పనిలోనే ఉన్నాను కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

132 కేవీ సబ్‌స్టేషన్‌లో ఒక బ్యాటరీ గది ఉంటుంది. రెండేసి వోల్టుల సెల్స్ యాభై ఐదు వరుసగా కలిపి 110 వోల్టుల డీసీ సరఫరా తయారుచేస్తారు. లక్షల యూనిట్లు ప్రవహించే చోట ఈ చిన్న బ్యాటరీ ఎందుకని కొత్తగా చేరినవారు అడుగుతారు. బ్రేకర్‌ను, అంటే లైనును కలిపే, తెంపే పెద్ద స్విచ్చును, వేసే కాయిల్, తీసే కాయిల్, రిలేలు (కాయిల్‌కు కరెంటు ఇస్తే అతుక్కునే చిన్న స్విచ్చులు), హెచ్చరిక దీపాలు అన్నీ దాని మీదే నడుస్తాయి. పెద్ద కరెంటును అదుపుచేసే మీటను నొక్కేది ఆ చిన్న కరెంటే. నేను పనిచేసిన ఒకచోట ఛార్జర్ పాడైన సంగతిని చెప్పవలసిన హెచ్చరిక దీపమే మాడిపోయి ఉండటంతో ఎవరూ గమనించలేదు. ఒక వర్షపు రాత్రి లైను పోయి, తెల్లవారుజామున తిరిగి వచ్చింది. గేటు వరకు లక్షా ముప్పై రెండు వేల వోల్టులు వచ్చి నిలబడ్డాయి, లోపల మాత్రం చీకటి. బ్రేకర్‌ను చేత్తో వేయవచ్చు, కానీ తప్పు జరిగితే దాన్ని తీసే కాయిల్‌కు ప్రాణం లేదు కనుక అలా వేయడం ఆత్మహత్యతో సమానం. పక్క సబ్‌స్టేషన్ నుంచి బ్యాటరీలు లారీలో తెప్పించి కలిపేదాకా ఎదుట కరెంటు ఉండీ మేము చేతులు కట్టుకుని నిలబడ్డాం.

సాల్యూట్-7లో జరిగింది కూడా ఇదే. సౌరఫలకాల కరెంటు బ్యాటరీలకు నేరుగా వెళ్ళదు. మధ్యలో రిలేలు ఉంటాయి, ఆ రిలేల కాయిల్స్‌కు కరెంటు ఇవ్వవలసింది ఆ బ్యాటరీలే. బ్యాటరీలు పూర్తిగా చచ్చిపోతే రిలే అతుక్కోదు, రిలే అతుక్కోకపోతే ఫలకం మీద ఎంత ఎండ కాసినా ఆ కరెంటు బ్యాటరీకి చేరదు. తాళంచెవిని లోపల పెట్టి తలుపు వేసుకున్నట్లే. ఎండ ఎన్నేళ్ళు కాసినా ఆ ముడి దానంతట అది విడిపోదు. తెంచాలంటే ఎవరో ఒకరు అక్కడికి వెళ్ళి, తీగను చేత్తో పట్టుకోవాలి.

అసలు బ్యాటరీలు ఎందుకు అయిపోయాయన్న ప్రశ్న మిగిలింది. బ్యాటరీ నిండిందో లేదో చూసి, నిండితే ఛార్జింగ్ ఆపించే సెన్సర్ ఒకటి ఉంటుంది. అది పాడై, నిండకుండానే నిండినట్లు చెబుతూ వచ్చింది. వ్యవస్థ ఛార్జింగ్ మొదలుపెట్టబోయిన ప్రతిసారీ సెన్సర్ దాన్ని తెంపేసింది. ఇది నిజానికి చాలా చిన్న లోపం. లోపల మనిషి ఉన్నా, కింద ఉన్నవారికి కనిపించినా కొద్దిసేపట్లో సరిదిద్దేవారు. కానీ కేంద్రం ఖాళీగా ఉంది, పైగా రేడియో వ్యవస్థ అప్పటికే దెబ్బతిన్నది. మొదట ఒక ప్రసారిణి రక్షణ వలయం తెగి ఆగిపోతే రెండోదానికి మారారు. తరువాత మొదటిదాన్ని మళ్ళీ వేయమని ఆదేశం పంపినప్పుడు మొత్తం మూగబోయింది. కేంద్రం తన ఒంట్లో ఏముందో చెప్పుకోలేని స్థితిలో ఉండగా ఆ చిన్న సెన్సర్ దాని రక్తమంతా తోడేసింది. మా బ్యాటరీ గదిలో మాడిపోయిన దీపం నాకు గుర్తుకొచ్చేది ఇక్కడే.

ఇక వారు చేసిన మరమ్మతు. అందరికీ మొదట తోచే ఉపాయం, సోయుజ్ నౌక నుంచి కేంద్రానికి కరెంటు ఇవ్వడం. అది చేయలేదు, చేయకపోవడమే వివేకం. చచ్చిన వైరింగులో ఎక్కడైనా షార్ట్ ఉంటే అది సోయుజ్ విద్యుత్ వ్యవస్థను కూడా కాల్చేయగలదు. అప్పుడు ఇంటికి వచ్చే బండి కూడా ఉండదు. కాబట్టి ఎనిమిది బ్యాటరీలనూ ఒక్కొక్కటిగా పరీక్షించి, రెండు ఇక పనికిరావనీ ఆరు బ్రతికించదగినవనీ తేల్చుకున్నారు. తరువాత ఫలకాల నుంచి వచ్చే తీగలను వెతికి, రిలేలను పక్కన పెట్టి, కేబుళ్ళను తామే తయారుచేసి నేరుగా బ్యాటరీలకు కలిపారు. తొడుగు ఒలిచిన రాగి కొసలను మెలితిప్పి టేపు చుట్టే పని చేతితొడుగులతో కాదు. ఆ గడ్డకట్టే చలిలో సవినీఖ్ ఆ ముడులు వట్టి చేతులతో వేశారు. డిసెంబరు తెల్లవారుజామున మన మన్యంలో స్తంభం ఎక్కి జాయింటు వేసిన లైన్‌మెన్‌ను అడగండి, వేళ్ళు మొద్దుబారినప్పుడు తీగ చివర ఎక్కడుందో కంటితో చూస్తే గాని తెలియదు.

తీగలు కలిపాక సోయుజ్ ఇంజన్లతోనే మొత్తం కేంద్రాన్ని తిప్పి ఫలకాలను సూర్యుడికి ఎదురుగా పెట్టారు. బ్యాటరీలు మెల్లగా నిండాయి. జూన్ 10న గాలిని వేడిచేసే హీటర్లు వేయగలిగారు. జూన్ 13న కేంద్రం తన దిశను తానే నిలుపుకునే వ్యవస్థ పనిచేయడం మొదలుపెట్టింది. ఈ రెండోది చిన్న విషయం కాదు. కేంద్రం కదలకుండా నిలబడితేనే విడిభాగాలు, నీరు మోసుకొచ్చే సరుకు నౌక వచ్చి అతుక్కోగలదు. ప్రోగ్రెస్-24 జూన్ 21న బయలుదేరి 23న చేరుకుంది.

కక్ష్యాపథం

ఇంజనీరు గారి వివరణ ఎంతో బాగుంది. మాస్టారి రెండో ప్రశ్నకు నేను ప్రయత్నిస్తాను, ఎందుకంటే ఈ యాత్రలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ రెండు రోజుల వెంబడింపే.

మామూలుగా సోయుజ్ నౌక, కేంద్రం రేడియో సంకేతాలతో ఒకదానినొకటి పలకరించుకుంటూ, దూరాన్నీ వేగాన్నీ లెక్కించుకుంటూ దగ్గరవుతాయి. ఇక్కడ రెండోవైపు నుంచి పలుకు లేదు. కాబట్టి సోయుజ్ టి-13 నుంచి ఆ స్వయంచాలక డాకింగ్ పరికరాలను, అంటే నౌక తనంతట తానే కేంద్రానికి అతుక్కునేందుకు వాడేవాటిని, తీసేశారు, మూడో ఆసనాన్నీ తీసేశారు, ఆ బరువుకు బదులు అదనపు ఇంధనమూ నీరూ పెట్టారు. కేంద్రం ఎక్కడుందో చెప్పే బాధ్యతను నేల మీది రక్షణ రాడార్లు తీసుకున్నాయి. అవి కొలిచిన కక్ష్యను బట్టి కింది నుంచి నౌకకు దారి చూపించి, కేంద్రం కంటికి కనిపించేంత దగ్గరకు చేర్చారు. అక్కడి నుంచి మనిషి చూపే ఆధారం.

సోయుజ్ కమాండరుకు ఎదురుగా సూటిగా చూసే పెద్ద కిటికీ లేదు. అందుకని జానీబెకోవ్ నౌకను పక్కకు తిప్పి, పక్క కిటికీలోంచి కేంద్రాన్ని చూస్తూ నడిపారు. నియంత్రణ మీటలను కూడా ఆ కిటికీ దగ్గరకు చేర్చి అమర్చారు. సవినీఖ్ చేతిలో ఒక లేజర్ దూరమాపకం. దూరం చదువుతాడు, కాసేపాగి మళ్ళీ చదువుతాడు, రెండింటి తేడాను బట్టి వేగం లెక్కవేస్తాడు. నీడలోకి వెళ్తే చూడటానికి రాత్రిదృష్టి పరికరం ఒకటి తీసుకెళ్ళారు. రెండు వందల మీటర్ల దూరంలో ఆగి, కేంద్రం ఎలా తిరుగుతున్నదో చూసి, చుట్టూ వెళ్ళి డాకింగ్ ద్వారానికి ఎదురుగా వచ్చారు. ఆ దూరం నుంచే వారికొక సంగతి తెలిసిపోయింది. సౌరఫలకాలు ఒకే వైపు చూడటం లేదు, ఒకటి ఒకవైపు, మరొకటి ఇంకోవైపు తిరిగి ఉన్నాయి. అంటే వాటిని సూర్యుడి వైపు తిప్పే వ్యవస్థ చచ్చిపోయింది, లోపల కరెంటు లేదు.

ఈ పనికి జానీబెకోవ్‌నే ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. 1982 జూన్‌లో సోయుజ్ టి-6లో ఇదే సాల్యూట్-7 దగ్గరకు వెళ్తుండగా, కిలోమీటరు లోపు దూరంలో స్వయంచాలక వ్యవస్థ విఫలమైతే ఆయన చేత్తో నడిపి డాకింగ్ చేశారు. 1985 యాత్ర ఆయనకు ఐదోది. సవినీఖ్ సాల్యూట్-7లో సుదీర్ఘకాలం ఉండటానికి అప్పటికే శిక్షణ పొందుతున్నారు కనుక దాని వైరింగు ఆయనకు కంఠతా వచ్చు. ఒకరి చేయి, ఇంకొకరి జ్ఞాపకం కలిస్తేనే ఈ పని జరిగింది.

ఒక చిన్న విషయం మీ తరగతికి పనికొస్తుంది. జూన్ 25న, సరుకు విప్పుతున్నప్పుడు, జానీబెకోవ్ ఒక రెక్కల నట్టును వేలితో తిప్పి వదిలారు. మర నుంచి బయటపడి గాలిలో తేలుతూ తిరుగుతున్న ఆ నట్టు కొద్ది క్షణాలకొకసారి తలకిందులైంది, మళ్ళీ సరిగ్గా నిలిచింది, మళ్ళీ తలకిందులైంది. ఇది కొత్త సూత్రం కాదు, మూడు జడత్వ అక్షాలలో మధ్యదాని చుట్టూ భ్రమణం నిలకడగా ఉండదన్న పాత సత్యమే. ఒక పుస్తకానికి రబ్బరు బ్యాండు వేసి మూడు రకాలుగా తిప్పి పైకి ఎగరేస్తే పిల్లలు తామే చూడగలరు.

పాత పత్రికల పాఠకురాలు

లోపలి చలి గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఆ తీగల పని ఎంత కష్టమో అర్థం కాదు. ద్వారం తెరవకముందు కేంద్రంలో గాలి పీడనం ఉందో లేదో చూసుకున్నారు. అదృష్టవశాత్తూ ఉంది. గాలిలో విషవాయువులు ఉండవచ్చన్న భయంతో మాస్కులు పెట్టుకుని, వాయువులను గుర్తించే గొట్టాలతో పరీక్షించాకే ఊపిరి పీల్చారు. లోపల చీకటి, నిశ్శబ్దం, గోడల నిండా మంచు. కేంద్రంలోని ఉష్ణమాపకం సున్నాకు దిగువ చూపించలేదు. చలి ఎంతుందో తెలుసుకోవడానికి ఉమ్మి చూడమని కింది నుంచి చెప్పారు. ఉమ్మి మూడు సెకన్లలో గడ్డకట్టింది. ఉన్ని టోపీలు, బొచ్చు దుస్తులు వేసుకుని పనిచేసి, విశ్రాంతికి సోయుజ్‌లోకి తిరిగి వచ్చేవారు.

చలికన్నా కనిపించని ప్రమాదం ఒకటుంది. భారరహిత స్థితిలో వేడిగాలి పైకి లేవదు. ఫ్యాన్లు తిరగకపోతే మనిషి విడిచిన గాలి అతని ముఖం చుట్టూనే నిలిచిపోతుంది. ఫ్యాన్లకు కరెంటు లేని ఆ కేంద్రంలో ఒకేచోట కదలకుండా తీగలు కలిపే మనిషి కొద్దిసేపట్లోనే తాను విడిచిన కార్బన్ డయాక్సైడ్‌నే పీల్చవలసి వస్తుంది. అందుకే మొదటి రోజుల్లో ఒకరు పనిచేస్తుంటే మరొకరు గమనిస్తూ ఉండాలన్న నియమం పెట్టారు. ఇది చదివినప్పుడు, బావిలోకి దిగేవాడి నడుముకు తాడు కట్టి ఒడ్డున ఒకరు నిలబడే మా ఊరి పద్ధతి నాకు గుర్తుకు వచ్చింది.

కేంద్రంలోని నీరంతా గడ్డకట్టింది. తెచ్చుకున్న నీరు కొద్ది రోజులకే సరిపోతుంది. హీటర్లు వేశాక మంచు కరగడం మొదలైంది, అప్పుడు కొత్త చిక్కు వచ్చిపడింది. ప్రతి పరికరం మీదా, ప్రతి కనెక్షన్ వెనుకా నీటి పొర. ఒక్క చుక్క తప్పు చోటికి వెళ్తే అంత కష్టపడి తెచ్చిన కరెంటే కేంద్రాన్ని కాల్చేస్తుంది. గుడ్డలు చాలక, దుస్తులు చింపి తుడిచారు. తేమ ఆవిరయ్యేదాకా గోడల హీటర్లు వేయలేదు. నీటి ట్యాంకులు జూన్ చివరికి కరిగాయి. లోపలి తేమ మామూలు స్థాయికి రావడానికి జూలై నెలాఖరు పట్టింది. నీటిని వేడిచేసే పరికరం మంచుకు పగిలిపోతే, టెలివిజన్ చిత్రీకరణకు వాడే పెద్ద దీపం ముందు పెట్టి పానీయాలు వెచ్చబెట్టుకున్నారు.

కొందరు దీన్ని 1973 నాటి అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మరమ్మతుతో పోలుస్తారు. ఆ మరమ్మతు కూడా గొప్పదే. కాని స్కైలాబ్ కవచం ఊడిపోయి, ఒక ఫలకం పోయి, మరొకటి ఇరుక్కుపోయినా రేడియో పలుకుతూనే ఉంది, టెలిస్కోపుకు అమర్చిన ఫలకాల నుంచి కొంత కరెంటు వస్తూనే ఉంది. రోగి తన బాధ తాను చెప్పుకోగలిగాడు. సాల్యూట్-7 విషయంలో వైద్యులు గుమ్మం దాటేదాకా రోగి బ్రతికి ఉన్నాడో లేడో కూడా తెలియదు.

శ్రీకాకుళం పంతులు

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నాలుగు రోజులుగా నన్ను వేధించిన ముడి ఇంజనీరు గారి ఒక్క మాటతో విడిపోయింది. ఎండ ఉంది, దాన్ని అందుకునే మీటను నొక్కడానికి కరెంటు లేదు.

దీన్ని పిల్లలకు నోటితో చెప్పడం కన్నా చేసి చూపించాలని ఉంది. ఆరు వోల్టుల చిన్న సౌరఫలకం బడిలో ఉంది. మూసి ఉండే రకం ఆరు వోల్టుల బ్యాటరీ ఒకటి, ఆరు వోల్టుల రిలే ఒకటి కొని, రిలే కాయిల్‌ను బ్యాటరీకి, ఫలకాన్ని రిలే కాంటాక్టు గుండా బ్యాటరీకి కలిపి, బ్యాటరీని బల్బుతో పూర్తిగా ఖాళీ చేసి ఎండలో పెడదామనుకుంటున్నాను. ఇది పనిచేస్తుందా? ఆ అమ్మాయికి ఇంకో మాట కూడా చెప్పాలి. చివరికి ఆ ఇల్లు ఏమైంది?

కక్ష్యాపథం

ఇద్దరూ కేంద్రాన్ని బాగుచేసి ఊరుకోలేదు. ఆగస్టు 2న బయటికి వచ్చి దాదాపు ఐదు గంటలు పనిచేసి అదనపు సౌరఫలకాలు బిగించారు. సెప్టెంబరులో సోయుజ్ టి-14లో ముగ్గురు వచ్చాక, జానీబెకోవ్ వారిలో ఒకరైన గ్రెచ్కోతో కలిసి 26న భూమికి చేరారు. సవినీఖ్ ఉండిపోయి, కొత్త కమాండర్ వస్యూతిన్ అనారోగ్యం పాలవడంతో నవంబరు 21న అందరితో కలిసి దిగారు. 1986లో మరో ఇద్దరు మీర్ కేంద్రం నుంచి సాల్యూట్-7కు వెళ్ళి, అక్కడి పని ముగించి, తిరిగి మీర్‌కు వచ్చారు. ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి మనుషులు ప్రయాణించడం అదే మొదటిసారి. ఆ తరువాత అందులో ఎవరూ అడుగుపెట్టలేదు. 1991 ఫిబ్రవరి 7న అది వాతావరణంలోకి దిగి కాలిపోయింది, మిగిలిన ముక్కలు అర్జెంటీనాలో పడ్డాయి.

విశ్రాంత విద్యుత్ ఇంజనీరు

మాస్టారూ, ఆలోచన చాలా బాగుంది, రెండు మార్పులు చేయండి. మూసి ఉండే లెడ్ బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేస్తే అది మళ్ళీ లేవదు, డబ్బు దండగ. దాని బదులు తిరిగి ఛార్జ్ చేసుకునే నికెల్ రకం పెన్సిల్ సెల్స్ నాలుగు వరుసగా కలపండి, అయిదు వోల్టుల రిలే తీసుకోండి. రెండోది, రిలే ఒకసారి అతుక్కున్నాక వోల్టేజి బాగా పడిపోయినా వదలదు, కాని కొత్తగా అతుక్కోవడానికి మాత్రం ఎక్కువ వోల్టేజి కావాలి. కాబట్టి ఫలకాన్ని అట్టతో కప్పి, బల్బు బాగా మసకబారేదాకా సెల్స్‌ను వాడి, బల్బు తీసేసి, కాయిల్ తీగ ఒకసారి విప్పి మళ్ళీ పెట్టండి. ఇక అది అతుక్కోదు. అప్పుడు అట్ట తీసి ఎండలో పెట్టి పిల్లలను చూడమనండి. ఎంతసేపు చూసినా ఏమీ జరగదు.

సెల్స్ కరెంటు వెనక్కు ఫలకంలోకి పోకుండా ఒక డయోడు వేయడం మరచిపోకండి. తరువాత ఆ అమ్మాయినే పిలిచి, ఫలకం పాజిటివ్ తీగను రిలే దాటించి నేరుగా సెల్స్ పాజిటివ్‌కు చేత్తో ఆనించి పట్టుకోమనండి. కొన్ని నిమిషాలు పట్టవచ్చు, చేయి తీయనివ్వకండి. తరగతి నిశ్శబ్దంగా ఉంటే రిలే 'టక్'మనడం వెనక బెంచీ దాకా వినిపిస్తుంది. ఆ శబ్దం విన్నాక తీగ వదిలేయమని చెప్పండి. అక్కడి నుంచి ఛార్జింగు దానంతట అదే సాగుతుంది.